లేస్తే చీకటి

భీమేశ్వరరావు గారు స్టేజీ మీద వెలుగు ఎక్కడుంటే అక్కడే ఉంటారు. ఇది కనిపెట్టడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది. ఆయనకు మాత్రం ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

మాది మూసాపేట. ఊరి బడిలో ఏడో తరగతి అయ్యాక బాలానగర్‌లో మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో రాగితీగ చుట్టే పని దొరికింది. మా ఫ్యాక్టరీకి ఒక నాటక సంఘం ఉండేది. దానికి కార్యదర్శి, రచయిత, దర్శకుడు, అన్నీ అకౌంట్స్ సెక్షన్ పార్థసారథి గారే. హీరో భీమేశ్వరరావు గారు. స్టోర్స్‌లో పని. తెనాలి వైపు నుంచి వచ్చిన మనిషి. చిన్నప్పటి నుంచి పద్యనాటకాల్లో రాజవేషాలు కట్టిన గొంతు. స్టోర్స్ కిటికీ దగ్గర నిలబడి "బోల్టులు అయిపోయాయి" అని చెప్పినా, రాజ్యం పోయిందని చెప్పినట్టే వినిపించేది.

ఆ సంఘానికి లైట్లు చూసే ఎలక్ట్రీషియన్ రామచంద్రం సారు ఒకరోజు మా సెక్షన్‌కు వచ్చి, "గంటసేపు నోరు మూసుకుని కూర్చోగలిగే మనిషి కావాలి. ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. అందరూ నావైపు చూపించారు.

ఇంట్లో మా అమ్మ భూలక్ష్మి ఒప్పుకోలేదు.

"ఆడపిల్ల నాటకాలల్ల తిరుగుతదా? నలుగురు సూస్తే ఏమనుకుంటరు?"

"ఎవరికీ కనిపించదమ్మా," అన్నారు రామచంద్రం సారు. "చీకట్లో కూర్చుని మిగతావాళ్ళు కనిపించేట్టు చూస్తుంది."

మా నాయన ఐలయ్య ఫ్యాక్టరీ క్యాంటీన్లకు సైకిలు మీద పాలు పోస్తాడు. "నేను ఎంబడి పోత తియ్యి, ఫికర్ చెయ్యకు," అని అమ్మకు నచ్చజెప్పాడు. నాకు కావలిగా వచ్చి రిహార్సల్లో వెనక బెంచీ మీద కూర్చునేవాడు. వారం తిరగకుండానే నన్ను మరిచిపోయాడు. ఆయన కళ్ళూ చెవులూ భీమేశ్వరరావు గారి మీదనే. "గొంతంటే గొంతు బిడ్డా! గా మనిషి పాడుతుంటే బర్రె గిట్ట ఇంటే ఇంకో శేరు ఇస్తది," అనేవాడు.

రామచంద్రం సారు లైట్లలో కొన్నది ఒక్కటీ లేదు. డాల్డా డబ్బా అడుగున బల్బు హోల్డరు బిగించి, బయట నల్లరంగు వేసి, లోపల ముగ్గుపిండితో తళతళలాడేట్టు తోమితే అదే ఒక లైటు. వెలుగు పెంచడానికీ తగ్గించడానికీ మూడు జాడీలు. జాడీ నిండా ఉప్పు కలిపిన నీళ్ళు. అడుగున ఒక ఇనుప రేకు, పైనుంచి తాడుకు వేలాడే ఇంకో రేకు, రెంటికీ కరెంటు తీగలు. పై రేకును నీళ్ళలో కిందికి దించుతుంటే లైటు పెరుగుతుంది. పైకి లాగుతుంటే తగ్గుతుంది. స్టేజీకి ఎడమ, నడుమ, కుడి, ఒక్కో వైపుకు ఒక్కో జాడీ. నేను చెక్కపలక మీద నిలబడి, రబ్బరు తొడుగులు వేసుకుని, మూడు తాళ్ళు పట్టుకునేదాన్ని. కళ్ళాలు పట్టుకున్నట్టే ఉండేది.

ఉప్పు తక్కువైతే లైటు సరిగా వెలగదు. ఎక్కువైతే తగ్గమన్నా తగ్గదు, ఆపైన ఫ్యూజు పోతుంది. ఎంత వెయ్యాలో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

"పప్పులో ఎంత వేస్తావో జాడీకంత," అన్నారు.

"మా పప్పులనా, మీ పప్పులనా సారూ?" అని అడిగాను.

ఆయన నన్ను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశారు. "మా పప్పులో," అన్నారు నవ్వుతూ. "మీ పప్పులో కారమే తప్ప ఇంకేం తెలుస్తుంది?"

ఆ జాడీలు పార్థసారథి గారి భార్య భ్రమరాంబ గారివి. అంతకుముందు ఎన్నో ఏళ్ళు ఆవకాయ ఊరినవి. ఎంత కడిగినా ఆ వాసన పోలేదు. నాటకం సాగేకొద్దీ కరెంటుకు నీళ్ళు కాగేవి, ఆవిరి లేచేది. స్టేజీ మీద తల్లి ఏడుస్తుంటే ముందు వరుసవాళ్ళు గుటకలు మింగేవారు.

రంగుకాగితాల సంగతీ రామచంద్రం సారే నేర్పారు. పొద్దుటికి పసుపు, వెన్నెలకు నీలం, గొడవలకు ఎరుపు. "చావుకు మళ్ళీ నీలమే. కాని బాగా తగ్గించి. దీపం కొండెక్కినట్టుండాలి," అనేవారు. అది ఆయనకు ఆయన గురువు చెప్పిన మాట. నేను కూడా మనసులో రాసి పెట్టుకున్నాను.

సంక్రాంతికి ముందు ఆయనకు రామగుండంలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు తాళ్ళు నా చేతిలో పెట్టి, "ఇవి వదలకు," అన్నారు. అంతే. సికింద్రాబాదులో లైట్లు కిరాయికిచ్చే లింగమూర్తిని పిలుద్దామని పార్థసారథి గారికి ఉండేది. అతని దగ్గర చక్రాలు తిప్పితే వెలుగు మారే నిజమైన డిమ్మర్ పెట్టె ఉందట. అయినా, "సరే, ఈ నాటిక వరకు నీలమ్మే చూస్తుందిలే," అన్నారు నన్ను చూపించి.

నాకు రాగితీగ చుట్టడం చేతనవును. కాని పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీగ చుట్టి, సాయంత్రం ఆ మూడు తాళ్ళు పట్టుకున్నప్పుడు మాత్రమే నేను ఏదో చేస్తున్నట్టు అనిపించేది. ఒక తాడు బెత్తెడు లాగితే ఒక గోడ మాయమై, ఇంకో కిటికీ పుట్టుకొచ్చేది. అది పోతుందంటే నాకు బువ్వ సహించేది కాదు.

ఆ ఏటి నాటిక ఒక ముసలి పద్యనటుడి కథ. దవాఖానా మంచం మీద పాత రోజులు తలుచుకుంటూ, ఆఖరికి ఒక పద్యం పాడి, భార్య చేతుల్లో చచ్చిపోతాడు. భీమేశ్వరరావు గారు పద్యం లేని నాటకంలో అడుగు పెట్టనంటే పార్థసారథి గారు ఆ ఒక్క పద్యమూ ఒప్పుకుని కథ దానిచుట్టూ అల్లారు.

రిహార్సళ్ళలో రోజూ ఒకటే గొడవ.

"భీమేశ్వరరావు గారూ, కొడుకు గురించి చెప్పేటప్పుడు కిటికీ దగ్గరికి వెళ్ళాలండీ."

"వెళ్తానండీ."

వెళ్ళేవారు కాదు. స్టేజీ నడుమ మైకు వేలాడుతుంది, పెద్ద లైటు కూడా అక్కడే ఉంటుంది. పద్యనాటకాల అలవాటు. రాజు నడుమనే నిలబడాలి. కొడుకు గురించైనా, ఆస్తి గురించైనా, దగ్గు గురించైనా నడుమనే.

ఒకరోజు నడుమ బల్బు మాడిపోయింది. ఆయన మాట ఆపకుండానే, చూడకుండానే, మూడడుగులు పక్కకు వేసి ఎడమ లైటు కింద నిలబడ్డారు. ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. మర్నాడు కొత్త బల్బు వేశాక నడుమ తాడు మెల్లగా పైకి లాగి, కిటికీ వైపు తాడు దించాను. ఆయన చెంప చల్లబడింది కాబోలు. మాట్లాడుతూ మాట్లాడుతూ కిటికీ దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడ తగ్గించి మంచం వైపు పెంచాను. మంచం మీద కూర్చున్నారు. మా నాయన కర్రతో కూడా బర్రెలను అంత నెమ్మదిగా తోలలేడు.

"చూశారా!" అని పార్థసారథి గారు తొడ చరుచుకున్నారు. "చెప్పగా చెప్పగా పట్టుబడింది! దర్శకత్వమంటే ఓపికండీ, ఓపిక!"

నేను తాళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను.

కనిపెట్టింది పుణ్యవతి ఒక్కతే. చిక్కడపల్లి నుంచి వచ్చి ఆడవేషాలు వేసే ఆవిడ, పదేళ్ళుగా స్టేజీ మీద ఉన్న మనిషి. టీ తాగుతూ నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"ఆయన్ని తిప్పుతోంది నువ్వే కదూ?"

"నేను జాడీలు సూసుకుంట అక్కా."

"చూసుకో. నన్ను మాత్రం తిప్పకే తల్లీ, నాకు మోకాళ్ళ నొప్పులు."

మే నెలలో బాలానగర్ మైదానంలో ఫ్యాక్టరీల నాటిక పోటీలు. దానికి ముందు ఒకసారి జనం ముందు ఆడి చూద్దామని, ఉగాది అయ్యాక మా మూసాపేటలో బడి ముందు స్టేజీ కట్టారు. ఊరంతా వచ్చింది. మా నాయన ముందు వరుసలో కూర్చున్నాడు. మంచం దగ్గరికి, కిటికీ దగ్గరికి, మళ్ళీ మంచం దగ్గరికి, భీమేశ్వరరావు గారు నా తాళ్ళ వెంట చక్కగా తిరిగారు. పద్యం పాడారు. పుణ్యవతి చేతుల్లో తల వాల్చి చచ్చిపోయారు. నేను రామచంద్రం సారు చెప్పినట్టే అన్నీ తగ్గించి నీలం ఒక్కటి ఉంచాను. దీపం కొండెక్కినట్టే ఉంది. పుణ్యవతి ఆఖరి మాట చెప్పడానికి నోరు తెరిచింది.

"వన్స్ మోర్!"

ఆ గొంతు నాకు బాగా తెలుసు. మా నాయనది.

"వన్స్ మోర్!" అని వెనక నుంచి ఊరంతా అందుకుంది.

శవం కళ్ళు తెరిచింది. పుణ్యవతి రెండు చేతులతో అదిమి పట్టింది. కాని తెనాలి మనిషి బలం ఎక్కువ. ఆవిడను పక్కకు జరిపి, దుప్పటి భుజం మీద వేసుకుని, మైకు దగ్గరికి వచ్చి, దండం పెట్టి, పద్యం మళ్ళీ మొదలుపెట్టారు. నేను ఏం చెయ్యాలో తెలియక నడుమ లైటు పెంచాను. దాంతో ఇంకో రాగం కూడా తీశారు. అయిపోయాక వెళ్ళి మంచం మీద పడుకుని మళ్ళీ చచ్చిపోయారు. మా నాయన మళ్ళీ అరిచాడు. ఆయన మళ్ళీ లేచారు.

మర్నాడు పార్థసారథి గారు నన్ను పిలిచారు. కేకలు వెయ్యలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

"పోటీలో ముగ్గురు జడ్జీలు ఎదురుగా కూర్చుంటారు. శవం లేచిందంటే మన పని అయిపోయినట్టే. ఆయనకు నేను చెప్పలేను, చెప్పినా వినరు. నువ్వు లైటు ఆర్పాల్సింది కదమ్మా?"

"ఆర్పితే పుణ్యవతక్క ఆఖరి మాట చీకట్ల పోతది సారూ."

"అది నిజమే. కాని అది చూసుకోవడమే లైట్లవాడి పని. పోటీలో ఆయన మళ్ళీ లేచారంటే నేను లింగమూర్తికి కబురు చేస్తాను. జాడీలు మా ఇంటికి పోతాయి, నువ్వు నీ తీగ చుట్టుకుందువుగాని."

ముందు మా నాయన దగ్గరికి వెళ్ళాను. బర్రెను కడుగుతున్నాడు.

"నాయినా, పోటీల నాడు నువ్వు వన్స్ మోర్ అనద్దు."

"ఎందుకు బిడ్డా?"

"అంటే నా పని పోతది."

బర్రె మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాడు. "నోరు తెరిస్తే దీని పాలు ఇరిగిపోనీ." కాసేపు రుద్ది మళ్ళీ అన్నాడు. "కని బిడ్డా, గది నేననేది కాదు. గా పద్యం ఇనంగనే అదే వస్తది. తుమ్ము తీరుగ."

ఆ ప్రమాణం మీద నాకు నమ్మకం కుదరలేదు. ధైర్యం చేసి స్టోర్స్ కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"సారూ, పోటీల నాడు చచ్చిపోయినంక లేవకుండ్రి."

భీమేశ్వరరావు గారు నట్లు లెక్కపెడుతున్నవారు ఆపి, కళ్ళజోడు తీసి, నావైపు జాలిగా చూశారు.

"అమ్మాయ్, నువ్వు చిన్నపిల్లవి. జనం అడిగితే చచ్చినవాడైనా లేవాలి. అదీ మర్యాద. మా ఊళ్ళో మా గురువు గారు కురుక్షేత్రంలో నాలుగుసార్లు పడిపోయి నాలుగుసార్లు లేచారు. లేవకపోతే ఏమనుకుంటారు? పొగరనుకుంటారు."

"జడ్జీలు ఏమనుకుంటరు సారూ?"

"వాళ్ళూ ముందు జనమే కదమ్మా," అని మళ్ళీ నట్లలో పడ్డారు.

ఆ వారమంతా నేను బల్బుల గురించి ఆలోచించాను. అంతా ఆర్పితే పుణ్యవతి మాట పోతుంది. ఇంకో వైపు వెలుగు పెంచితే శవం అక్కడికి నడిచి వెళ్తుంది. మంచం మీద నీలం ఉంచితే మైకు దగ్గరికి వస్తుంది. ఎటు లాగినా ఆయన లేస్తున్నారు.

శనివారం మధ్యాహ్నం మా రిహార్సల్ క్యాంటీన్ వెనక షెడ్డులో జరిగింది. పగటిపూట కాబట్టి లైట్లు లేవు, నేను ఊరికే గోడకు ఆనుకుని కూర్చున్నాను. షెడ్డు పైకప్పు రేకులో ఒక మేకు ఊడి చిన్న చిల్లు పడింది. అందులోంచి ఎండ ఒక పళ్ళెమంత గుండ్రంగా తలగడ మీద పడుతోంది. భీమేశ్వరరావు గారు పద్యం పాడి, తల వాల్చి చచ్చిపోయారు. ఎండ సరిగ్గా ఆయన మొహం మీద పడింది. క్యాంటీన్ కుర్రవాళ్ళు కిటికీలోంచి ఏడిపించడానికి "వన్స్ మోర్!" అన్నారు. ఆయన కనురెప్ప కదిలింది. తల కొంచెం ఎత్తారు. ఎండ జారి గడ్డం కిందికి పోయింది. ఆయన తల మళ్ళీ దించుకున్నారు. మొహం మీదికి ఎండ వచ్చింది. హాయిగా, తృప్తిగా, ఆ మొహం అలాగే ఉండిపోయింది.

ఆ రోజు శవం లేవలేదు.

"ఎండ దెబ్బండీ, నీరసం," అన్నారు పార్థసారథి గారు.

నాకు అర్థమైంది. ఆయన జనం అడిగినందుకే కాదు, మొహం చీకట్లో పడిపోయినందుకు కూడా లేస్తున్నారు. చావుకు వెలుగు తగ్గించాలని ఎవరు పెట్టారో గాని, ఆయన్ని లేపుతున్నది మా జాడీలే. రామచంద్రం సారు మాటను మొదటిసారి దాటాలని అనుకున్నాను. చచ్చిపోయినవాడి మీద వెలుగు పెంచాలి. కాని తలగడకు సరిపోయేంతే పెంచాలి.

ఒక డాల్డా డబ్బా మూతి మీద నల్లరేకు బిగించి, నడుమ రూపాయి బిళ్ళంత చిల్లు చేశాను. లోపల వంద క్యాండిళ్ళ బల్బు. దాన్ని స్టేజీ పక్కన ఇటుక మీద పెట్టి, తలగడ వైపు తిప్పి, కింద చీపురుపుల్లలు దోపి దోపి ఎత్తు సరిచేశాను. పడుకున్న మొహం మీద పడాలి. జానెడు లేస్తే తప్పిపోవాలి. పార్థసారథి గారి పిల్లల రబ్బరు బంతిని తలగడ మీద పెట్టి చూసుకున్నాను. బంతి వెలిగింది. పైకెత్తితే ఆరిపోయింది.

అంతా సిద్ధమనుకునేసరికి భ్రమరాంబ గారు వచ్చారు. పోటీ రోజు పొద్దున, రిక్షా దిగి నేరుగా స్టేజీ వెనక్కి.

"నా జాడీలు ఇచ్చెయ్యమ్మా."

"అమ్మగారూ, సాయంత్రం మన నాటకం."

"నాటకం సాయంత్రం. మామిడికాయలు పొద్దున్నే కొట్టించేశాను. ముక్కలు చూస్తూ కూర్చుంటాయా? నలభై కాయలు! ఆవ పొడి కొట్టాను, నూనె తెచ్చాను. వీటి బదులు కొన్న కొత్త జాడీ నిన్న మా పనిమనిషి పగలగొట్టింది."

పార్థసారథి గారు పరుగెత్తుకొచ్చారు. "ఏమిటే, ఇవాళేనా? కరెంటు పెట్టిన జాడీలో ఆవకాయ పెడతావా?"

"కరెంటు పోతుంది గాని ఉప్పు పోదుగా. రెండు పాళ్ళు ఉప్పు కలిసొస్తుంది," అని ఆవిడ నీళ్ళు పారబోసి, రేకులు నా చేతికిచ్చి, మూడు జాడీలూ రిక్షాలో పెట్టించుకున్నారు. ఆవిడకు మొగుడు రాసిన నాటకం కన్నా ఊరే ముక్కల తొందరే ఎక్కువ. పార్థసారథి గారు కూడా మళ్ళీ నోరెత్తలేదు. ఆవకాయ ఆయనకూ కావాలి మరి.

అక్కడే పాలడబ్బాలతో నిలబడిన మా నాయన ఇదంతా చూశాడు. సైకిలెక్కి పోయాడు. మధ్యాహ్నానికి ఎడ్లబండి మీద మూడు రంజన్లతో వచ్చాడు. మా అమ్మ పుట్టింటివాళ్ళు కోకాపేట నుంచి ఎండాకాలం నీళ్ళకని పంపిన పెద్ద మట్టికుండలు. బండి వెనకే మా అమ్మ కూడా దిగింది.

"సల్లటి నీళ్ళు తాగే రంజన్లల్ల కరెంటు పోస్తరా! మీ అకల్ ఏడవొయ్యింది?"

"ఒక్కపూటనే తియ్యి. జర బిడ్డ కోసం," అన్నాడు నాయన.

ఉప్పు వేస్తుంటే అమ్మ పక్కన నిలబడి చూసింది. "గంతేనా?" అని ఇంకో చిటికెడు వెయ్యబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

రంజన్లు చక్కగా పనిచేశాయి. కాకపోతే మట్టికుండలు కదా, ఒళ్ళంతా చెమటలు పోశాయి. నేను పలక కింద ఇంకో పలక వేసుకుని నిలబడ్డాను. పార్థసారథి గారికి మాత్రం మా నాయన చేసిన మేలుకు కళ్ళు చెమర్చాయి. "ఐలయ్య గారూ, మీరు ఇవాళ మా అతిథి," అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, జడ్జీల వెనకనే కుర్చీలో కూర్చోబెట్టారు.

తెర పక్కనుంచి అది చూసి, వన్స్ మోర్‌కు ఇంతకన్నా మంచి చోటు దొరకదనుకున్నాను.

ఏడింటికి గంట కొట్టారు. తెర లేచింది. రంజన్లు జాడీల కన్నా మెల్లగా కదిలాయి. వెలుగు తెల్లారినట్టు వచ్చి పొద్దు గూకినట్టు పోయింది. భీమేశ్వరరావు గారు కిటికీ దగ్గరికి వెళ్ళారు, మంచం దగ్గరికి వచ్చారు. పద్యం ఎత్తుకున్నారు. ఆ రోజు ఎంత బాగా పాడారంటే, నేను కూడా ఒక తాడు వదలబోయి పట్టుకున్నాను. మా నాయన వైపు చూశాను. భుజం మీది తువ్వాలను ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

పద్యం అయిపోయింది. ఆయన పుణ్యవతి ఒళ్ళోంచి తలగడ మీదికి తల వాల్చారు. నేను మూడు తాళ్ళూ కలిపి పైకి లాగాను. స్టేజీ అంతా మునిగిపోయింది. డబ్బా లైటు స్విచ్చి వేశాను. చీకట్లో ఒక్క మొహం, బంగారు పళ్ళెంలో పెట్టినట్టు.

జనంలో చప్పుడు లేదు. ఇక గండం గడిచింది అనుకున్నాను.

తువ్వాల ఊడింది.

"వన్స్ మోర్!"

జడ్జీ ఒకాయన కుర్చీలో ఎగిరిపడ్డాడు. వెనక నుంచి నలుగురు అందుకున్నారు. పార్థసారథి గారు నా పక్కనే తల పట్టుకుని కింద కూర్చున్నారు.

శవం కళ్ళు తెరిచింది. తల లేచింది. లేచిన తల చీకట్లోకి పోయింది. వెలుగులో ఒట్టి తలగడ మిగిలింది. ఒక క్షణం ఆగింది. ఆయన ఎటు వెళ్ళాలో వెతుక్కుంటున్నారని నాకు తెలుసు. మైకు దగ్గర చీకటి. కిటికీ దగ్గర చీకటి. తల మెల్లగా వెనక్కి వచ్చి వెలుగులో పడింది.

"వన్స్ మోర్!" నాయనే మళ్ళీ.

మళ్ళీ లేచింది. ఈసారి మోచేతి మీద దాకా. చీకట్లోంచి ఒక చెయ్యి మాత్రం వెలుగులోకి వచ్చి, తలగడను తడిమి, వణికింది. మళ్ళీ మొహం వచ్చి వాలింది. ఈసారి ఆ మొహంలో, ఇక్కడే బాగుంది, ఇంకెక్కడికీ పోను అన్నట్టు ఒక శాంతం వచ్చింది. కళ్ళు మూసుకున్నారు.

పుణ్యవతికి పదేళ్ళ అనుభవం ఊరికే పోలేదు. వంగి, తన మొహాన్ని కూడా ఆ పళ్ళెమంత వెలుగులోకి తెచ్చి, ఆయన చెంపకు చెంప ఆనించి, గుసగుసగా ఆఖరి మాట చెప్పింది. మైదానం చివర దాకా వినిపించింది. నేను స్విచ్చి తీశాను. తెర పడింది.

తర్వాత చప్పట్లు. రంజన్ల మీది చెమటలో నేను కూడా తడిసిపోయి ఉన్నాను.

జడ్జీల్లో పెద్దాయన మైకు ముందుకు వచ్చి చాలాసేపు మాట్లాడాడు. "ముఖ్యంగా ఆ మరణ సన్నివేశం! బతుకు మీది ఆశతో రెండుసార్లు లేవబోయి, చీకటిని చూసి, వెలుగులోకి ఒదిగిపోయిన తీరు! నలభై ఏళ్ళుగా నాటకాలు చూస్తున్నాను, ఇలా చచ్చిపోయినవాణ్ణి చూడలేదు," అన్నాడు. ఉత్తమ నటుడు భీమేశ్వరరావు గారు. ఉత్తమ దర్శకుడు పార్థసారథి గారు. లైట్లకు ఆ పోటీల్లో బహుమతి లేదు.

పార్థసారథి గారు దండ మెడలోంచి తియ్యకుండానే నా దగ్గరికి వచ్చారు. చెమటలు పోసే రంజన్లను, ఇటుక మీది డబ్బాను, చీపురుపుల్లలను చూశారు. వంగి, డబ్బా మూతి చిల్లులోంచి తలగడ వైపు ఒక కన్ను పెట్టి చూశారు.

"కిటికీ దగ్గరికి వెళ్ళడం కూడా నువ్వేనా?" అన్నారు లేచి.

నేను తాళ్ళు చుట్టుకుంటున్నాను.

"నాకు చెప్పకు," అన్నారాయన. "నన్ను దర్శకుడిగానే ఉండనీ. వచ్చే నాటకం దసరాకి. ఈసారి వేరే జాడీలు ముందే దాచిపెట్టుకో, మళ్ళీ మా ఆవిడ కంట పడనివ్వకు."

"లింగమూర్తి సారు?"

"చక్రాల పెట్టెకు ఆయన్ని పడుకోబెట్టడం వస్తుందా?" అని వెళ్ళిపోయారు.

భీమేశ్వరరావు గారు చివరగా వచ్చారు. మొహం మీది రంగు ఇంకా కడుక్కోలేదు.

"అమ్మాయ్, ముప్పై ఏళ్ళ నుంచి చచ్చిపోతున్నాను. చావగానే ప్రతివాడూ లైటు తీసేవాడు. చచ్చాక కూడా నా మొహం కనబడాలని అనుకున్నది నువ్వొక్కదానివే." గొంతు తగ్గించి అన్నారు. "జనం అడిగారు, లేవలేకపోయాను. మర్యాద తప్పాను. కాని ఆ వెలుగు వదిలి రాబుద్ధి కాలేదు. వచ్చే నాటకంలో ఆ డబ్బా ఉంటుందిగా?"

"ఉంటది సారూ."

రంజన్లతో అమ్మ బండి మీద పోయింది. నేను నాయన సైకిలు వెనక కూర్చున్నాను. మూసాపేట దారి పట్టాం. తువ్వాల మళ్ళీ భుజం మీదికి వచ్చింది.

"మాట తప్పిన బిడ్డా. బర్రె పాలు ఇరుగుతయేమో."

"ఇరగవు తియ్యి."

ఇంకొంతదూరం తొక్కాడు.

"కని గంత మొత్తుకున్న, ఎందుకు లేవలే ఆయన?"

"సచ్చిపోయిండు కద నాయినా."

"మొన్న మన ఊళ్ళె సచ్చిపోయి లేచిండు కద?"

"మొన్న చీకట్ల సచ్చిండు," అన్నాను. "గందుకే లేచిండు."

నాయన దాని గురించి ఇల్లు చేరేదాకా ఆలోచించాడు.